గది చిందరవందరగా ఉంటే చిరాకెందుకు?

లెక్కల పుస్తకం తెరిచారు. పక్కనే మూతల్లేని పెన్నులు, నిరుటి నోటుబుక్కులు, చిక్కుపడ్డ ఛార్జర్ వైరు. చూపు లెక్క మీదే ఉన్నా, మెదడు వాటన్నిటినీ పట్టించుకుంటూనే ఉంటుంది.

ఎందుకలా? కంటి ముందున్న ప్రతి వస్తువూ మెదడు దృష్టిలో పడాలని పోటీపడుతుంది. అక్కర్లేనివాటిని పక్కకు నెట్టడానికి మెదడు శ్రమపడాలి. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో ఈ పోటీని మెదడు స్కానింగుల్లో గమనించారు.

మరి ఇల్లంతా అలాగే ఉంటే? అమెరికాలో ఉద్యోగాలు చేసే 60 మంది భార్యాభర్తలు పరిశోధకుల కోసం తమ ఇల్లు తిప్పి చూపిస్తూ మాట్లాడారు. ఆ ఫలితాలు 2010లో వెలువడ్డాయి. ఇల్లు గజిబిజిగా, పనులు సగంలో ఆగినట్టుగా ఉందన్న మహిళల్లో ఒత్తిడి హార్మోను కార్టిసాల్, సాయంత్రానికి తగ్గాల్సినంతగా తగ్గలేదు. గజిబిజే కారణమని దీంతో తేలిపోలేదు. సంబంధం మాత్రం కనిపించింది. అమ్మ ఎందుకు విసుక్కుంటుందో కొంత అర్థమైనట్టే!

ఎలా మొదలుపెట్టాలి? ఇల్లంతా ఒకేసారి వద్దు, నీరసం వస్తుంది. ఒక్క సొరుగు చాలు. అంతా కింద గుమ్మరించి, రాయని పెన్నులు తీసేయండి, వాడేవే లోపల పెట్టండి.

భోగికి పాతవి వదిలించుకోవడం మనకు అలవాటే. నోటుబుక్కులు పాత పేపర్లవాళ్లకు ఇవ్వండి. ప్లాస్టిక్ మాత్రం మంటలో వేయకండి, విషవాయువులు వస్తాయి.