గోలు ముంగిట కావలి

గౌతమీ గోదావరికి చేరువనున్న మా ఆలమూరు ప్రాంతమున ఏటిగట్టు విలువను ఎవరికిని వేరుగా బోధింపనక్కరలేదు. వరద రాని యేట గట్టును తలచువాడు లేడు. 1986వ సంవత్సరము ఆగస్టు మాసమున గోదావరి కోనసీమను ముంచెత్తినప్పుడు గట్టును గూర్చి మాటాడనివాడు లేడు. ఫుట్‌బాల్ క్రీడయందు గోల్‌కీపరు పాత్రయు ఇట్టిదియే. ముందువరుసలోని క్రీడాకారిణి పది పర్యాయములు గురి తప్పి, పదునొకండవసారి గోలు చేసినచో ఆనాటి కీర్తియంతయు ఆమెదే యగును. గోల్‌కీపరు పది బంతులనాపి, పదునొకండవదానిని విడిచినచో ఓటమి భారమంతయు ఆమె శిరస్సుపైననే పడును. ఇట్టి విషమస్థానమును కోరి స్వీకరించిన వనిత ఒక అంతర్జాతీయ మహాపోటీకి ఏ విధముగా సంసిద్ధురాలగునో తెలిసికొనుట, ఆటపై మక్కువ గలవారికే గాక, ఆడపిల్లలు గల ప్రతి యింటికిని ప్రయోజనకరమని నా విశ్వాసము.

మొదట ఆమె కాపాడవలసిన ద్వారమును కొలిచి చూతము. రెండు స్తంభముల నడుమ 7.32 మీటర్ల వెడల్పు, నేలనుండి అడ్డుదూలము వరకు 2.44 మీటర్ల ఎత్తు. పురుషులకును స్త్రీలకును కొలత యొక్కటియే. పెనాల్టీ బిందువు గోలుగీతకు 11 మీటర్ల దూరమున నుండును. అచ్చటినుండి గంటకు 100 కిలోమీటర్ల వేగముతో తన్నిన బంతి సుమారు 0.4 సెకనులో గీతను చేరును. కన్ను బంతి దిక్కును గ్రహించి, దేహము మూలకు దూకునప్పటికి ఆ స్వల్పకాలము గడచియే పోవును. కావున తన్నబోవు క్రీడాకారిణి పరుగులోని వాలును, ఆనించిన పాదము నిలిచిన తీరును, నడుము తిరుగుటను బట్టి గోల్‌కీపరు ముందుగానే నిశ్చయము చేసికొనవలెను. అట్లని గీతను విడిచి ముందుకు ఉరుకుటకును వీలులేదు. బంతిని తన్ను క్షణమున ఆమె పాదములలో ఒకటియైనను గీతపైననో, గీతకు సూటిగనో, గీత వెనుకనో ఉండవలెనని నియమము. 2023 ఆగస్టు 20వ తేదీన సిడ్నీ నగరమున జరిగిన మహిళల ప్రపంచ కప్పు తుదిపోటీయందు ఇంగ్లండు గోల్‌కీపరు మేరీ ఎర్ప్స్, స్పెయిన్ క్రీడాకారిణి జెన్నిఫర్ హెర్మోసో తన్నిన పెనాల్టీని ఈ విధముగనే పట్టుకొనెను. ఆ పోటీలో 1–0తో గెలిచినది స్పెయినే. అయినను ఉత్తమ గోల్‌కీపరునకిచ్చు బంగారు గ్లోవు పురస్కారము మాత్రము ఓడిన జట్టులోని ఎర్ప్స్‌నే వరించెను.

పెనాల్టీ యన్నది అరుదుగా వచ్చు పరీక్ష. నెలల తరబడి సాగు సాధనలో అధికభాగము నిలుచు చోటును నేర్చుటకే వ్యయమగును. ప్రత్యర్థి యొంటరిగా బంతితో వచ్చునప్పుడు గోల్‌కీపరు కొన్ని యడుగులు ముందునకు వచ్చినచో, వచ్చువారి కంటికి గోలు ఇరుకై తోచును. మితిమీరి వచ్చినచో బంతి తల మీదుగా పోవును. ఎన్ని యడుగులన్నది ఏ గ్రంథమును చెప్పజాలదు, అభ్యాసమే చెప్పవలెను. పిమ్మట చేతులు: బొటనవ్రేళ్ళు దగ్గరగా, అరచేతులు బంతి వెనుకగా నిలుపుటయు, పట్టువడని బంతిని ప్రత్యర్థుల ముందు జారవిడువక ప్రక్కకు నెట్టుటయు వేలసార్లు చేసిననే గాని కైవసము కావు. పిమ్మట కంఠము: మైదానమంతయు ఎదుట కనబడుచుండునది ఆమెకొక్కతెకే కావున, కార్నర్ కిక్ వచ్చినప్పుడు ఎవరిని ఎవరు అడ్డగింపవలెనో బిగ్గరగా చెప్పునది ఆమెయే. మెల్లగా మాటాడుటయే స్త్రీకి శోభయని వినుచు పెరిగిన బాలికకు ఈ విద్య అన్నిటికంటె కష్టమైనది, అన్నిటికంటె మేలు చేయునది. తుదకు పాదములు: సహచరి కావలెనని కాలితో వెనుకకు పంపిన బంతిని చేతబట్టరాదని 1992లో నియమము వచ్చినది మొదలు, గోల్‌కీపరు కాలియాటయందును నిపుణురాలు కావలసివచ్చెను. బంతిని ఎనిమిది సెకనులకు మించి చేతులందుంచుకొన్నచో ప్రత్యర్థులకు కార్నర్ లభించునని 2025లో వచ్చిన నియమము, శీఘ్రనిర్ణయమును సైతము ఆమె విధులలో చేర్చినది.

ఈ సాధనయంతటికిని మీదుగా మరొక కఠినపరీక్ష కలదు. ప్రపంచ కప్పు జట్టునకు ముగ్గురు గోల్‌కీపర్లను ఎంపిక చేయుదురు. ఆడునది సాధారణముగా ఒక్కతెయే. తక్కిన యిద్దరును ఆమెతో సమానముగ శ్రమించి, ఆడుదుమో లేదో యెరుగకయే సిద్ధముగ నుండవలెను. ఈ నిరీక్షణమెట్టిదో మన తెలుగు ఆడుబిడ్డయైన హాకీ గోల్‌కీపరు ఎతిమరపు రజని జీవితము మనకు చక్కగా చూపుచున్నది. ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని పల్లెటూర పుట్టిన ఆమె, 2017లో ఆసియా కప్పు గెలిచిన జట్టునందును, 2018 ఆసియా క్రీడలలో రజతమును, 2022 కామన్వెల్తు క్రీడలలో కాంస్యమును పొందిన జట్లయందును సభ్యురాలు. అయినను ఆ సంవత్సరములలో గోలు ముంగిట ప్రథమస్థానము హర్యానా వనిత సవితా పూనియాది. టోక్యో ఒలింపిక్సు క్వార్టర్ ఫైనల్‌లో 2021 ఆగస్టు 2వ తేదీన సవిత ఆస్ట్రేలియాను నిలువరించి 1–0 విజయమునకు కారకురాలైనప్పుడు, రజని అదనపు క్రీడాకారిణిగానే యుండెను. ఆమె నిరాశతో వైదొలగలేదు. 2024 జనవరిలో మస్కట్ నగరమున జరిగిన హాకీ ఫైవ్స్ ప్రపంచ కప్పునకు భారత మహిళాజట్టు నాయకురాలై, రజతపతకముతో తిరిగివచ్చెను. ఇన్నేండ్ల సాధన వ్యర్థము కాదని చాటుటకు ఇంతకు మించిన సాక్ష్యము వలదు.

ఫుట్‌బాల్ విషయమున మన దేశపు మహిళల ప్రయాణము మరింత దుర్గమము. 2022 జనవరిలో ఆసియా కప్పు మన గడ్డపైననే జరిగినది; ఇరానుతో తొలి యాట 0–0గా ముగిసినది; అంతలో కోవిడ్ వ్యాధి జట్టులో వ్యాపించి, చాలినంతమంది క్రీడాకారిణులు లేక పోటీనుండియే తొలగవలసివచ్చినది. నాడు గోలును కాచిన అదితి చౌహాన్, ఇంగ్లండులో వెస్ట్‌హామ్ క్లబ్బు తరఫున ఆడి పేరొందిన వనిత. పిదప 2025లో థాయిలాండునందలి చియాంగ్‌మాయ్ పట్టణమున అర్హతపోటీలు జరిగినవి. మంగోలియాపై 13, తూర్పు తిమోరుపై 4, ఇరాకుపై 5 గోలులు చేసిన మన జట్టు, జులై 5వ తేదీన ఆతిథ్య థాయిలాండును 2–1తో ఓడించి, 2026 మార్చి మాసమునకు ఆస్ట్రేలియాలో నిర్ణయమైన ఆసియా కప్పునకు అర్హత సాధించెను. రెండు గోలులును సంగీతా బాస్ఫోర్ చేసినవి కాగా, గోలు ముంగిట నిలిచినది మణిపురి వనిత పాంథోయ్ చాను. ఆ నాలుగు ఆటలలో మన జట్టు చేసినవి 24 గోలులు; ఇచ్చినది ఒక్కటి. ఆ యొక్కటి యను సంఖ్యలోననే గోల్‌కీపరు సాధన ఫలమంతయు ఇమిడియున్నది. ఆ జట్టులోననే నిజామాబాదు జిల్లా గిరిజన బాలికగా మైదానమున అడుగిడి దేశమంతట పేరు తెచ్చుకొన్న మన గుగులోతు సౌమ్య ముందువరుసలో ఆడుచున్నది. అర్హతతో పాటు జపాను, వియత్నాం, చైనీస్ తైపేల వంటి ప్రత్యర్థులు సంప్రాప్తించిరి. అట్టివారి యెదుట మన గోల్‌కీపరునకు తీరిక యెక్కడిది?

మన కోనసీమకు క్రీడలు క్రొత్త కావు. అమలాపురమున ఒక వ్యాయామోపాధ్యాయుని యింట పుట్టిన సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి బ్యాడ్మింటనులో 2023 ఆసియా క్రీడల స్వర్ణమును గెలిచి తెచ్చెను. ఒక్క వ్యాయామోపాధ్యాయుని శ్రద్ధ ఎంతదూరము పోగలదో ఇంతకన్న వివరింపనేల? కాని మన పాఠశాలల మైదానములలో నేటికిని ఒక దురభ్యాసము కలదు: పరుగెత్తలేని పిల్లను, ఆట రాని పిల్లను గోలు ముంగిట నిలువబెట్టుదురు. ఆ స్థానమునకు కావలసినది నిశితమైన చూపు, దృఢమైన మనస్సు, నిర్భయమైన కంఠము. ఈ గుణములు గల బాలికను వెదకి, ఆమెకు ఒక జత చేతితొడుగులును, సాయంకాలము ఒక గంట తీరికయు, బడి విడిచిన పిదప క్షేమముగా ఇల్లు చేరు వసతియు కల్పించుట పెద్ద వ్యయముతో కూడిన పని కాదు.

ఆలమూరు మొదలుగాగల గ్రామముల వ్యాయామోపాధ్యాయులకును, తల్లిదండ్రులకును నా విన్నపమిదియే: మీ పిల్ల గోలు ముంగిట నిలుతునన్నచో వలదనకుడు, ఒక బంతి విడిచినదని నిందింపకుడు, ఆమె ఆపిన బంతులను కూడ లెక్కింపుడు.