మొరాయించిన కంప్యూటరు: నిదానము, చికిత్స



ఇంటి యెద్దు మొరాయించినచో మన పెద్దలు దానిని వెంటనే సంతకు తోలరు. గిట్టలో ముల్లు గ్రుచ్చుకొన్నదేమో, కాడి మెడను ఒరసినదేమో, మేత చాలలేదేమో యని చూతురు. నేడు మన గ్రామములందును కంప్యూటరు చేరినది. పిల్లల పరీక్షాపత్రములు, పట్టాదారు పాసుపుస్తకముల ప్రతులు, వివాహముల ఛాయాచిత్రములు అందే దాచుకొనుచున్నాము. అట్టి యంత్రము ఒకనాటి యుదయమున కదలకున్నచో ఏమి చేయవలయునో నేటి ప్రసంగమున విన్నవింతును.

నా యనుభవమునే చెప్పెదను. ఆలంపూరులో మా యింట నొక కంప్యూటరు కలదు. ఉద్యోగ విరమణానంతరము, ఊరి వృద్ధులు చెప్పిన పాత సంగతులను అందులో వ్రాసి యుంచుచుంటిని. చెప్పినవారిలో కొందరు ఇప్పుడు లేరు. వారి మాటలకు ఆ యంత్రము తప్ప వేరు నెలవు లేకుండెను. మరియొక ప్రతి తీసి యుంచకపోవుట నా దోషమే. ఒకనాడు మీట నొక్కగా చిన్న దీపము వెలిగినది, లోని ఫ్యాను తిరిగినది, తెర మాత్రము నల్లగా నుండెను. పట్టణమునందలి యొక మరమ్మతు దుకాణమువాడు ఫోనులో విని, అంతయు చెరిపి క్రొత్తగా ఎక్కింపవలసినదే యని తీర్పు చెప్పెను. రోగిని చూడక మందు చెప్పిన వైద్యుని మాట నమ్మదగినది కాదని నాకు తోచెను.

మొదట యంత్రము మేల్కొను క్రమమును తెలిసికొందము. గోడలోని 230 వోల్టుల విద్యుత్తు పవర్ సప్లై అను భాగమును చేరును. అది దానిని 12, 5, 3.3 వోల్టులుగా మార్చి లోని యంగములకు పంచును. అంతట మదరుబోర్డుపై నున్న బయాస్ అను చిన్న కార్యక్రమము లేచి, జ్ఞాపకపట్టీ యగు ర్యామ్ మొదలగువానిని పరీక్షించును. అవి సరిగా నున్నచో హార్డుడిస్కును వెదకి, అందలి విండోస్ వంటి వ్యవస్థను పిలుచును. కావున మెట్లు నాలుగు: విద్యుత్తు, అంగపరీక్ష, డిస్కు, వ్యవస్థ. యంత్రము ఏ మెట్టుపై నిలిచినదో తెలిసినచో సగము చికిత్స యైనట్లే.

తర్కశాస్త్రమున అన్వయ వ్యతిరేకములని రెండు కలవు. ఒకటి యున్నప్పుడు ఫలముండుట అన్వయము. అది లేనప్పుడు ఫలము లేకుండుట వ్యతిరేకము. యంత్రపరీక్షకును ఇదియే మార్గము. ఒక్కసారికి ఒక్క భాగమునే మార్చి చూడవలెను. రెండింటిని మార్చినచో దేనివలన గుణమిచ్చినదో తెలియదు.

దీపమే వెలుగకున్నచో, అదే ప్లగ్గులో టేబులు ఫ్యాను పెట్టి చూడుడు. ఫ్యాను తిరుగకున్నచో దోషము గోడది. తిరిగినచో కంప్యూటరు తీగను మార్చి చూడుడు. పెట్టె వెనుక చిన్న స్విచ్చి యుండును. ఇల్లు ఊడ్చునప్పుడు చేయి తగిలి అది ఆగిపోవుటయు కలదు. యుపిఎస్ ఉన్నచో దానిని తప్పించి నేరుగా గోడకు తగిలింపుడు. అప్పటికిని ఉలుకకున్నచో పవర్ సప్లైని అనుమానింపవలెను. దానిని మార్పింపవలెనే గాని విప్పరాదు. ప్లగ్గు తీసిన పిదపను అందలి కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచియుండి ప్రాణాపాయము కలిగింపగలదు.

దీపము వెలిగియు తెర నల్లగా నున్నచో మొదట తెరను, దాని తీగలను పరీక్షింపవలెను. మా తెరను పొరుగింటి యంత్రమునకు తగిలింపగా చక్కగా వెలిగెను. తీగ మార్చినను మా యంత్రము మారలేదు. కావున దోషము పెట్టెలోనిదని తేలెను. నేనును మనుమడును ప్లగ్గు తీసి, మీటను పది క్షణములు నొక్కి పట్టి, మూత విప్పితిమి. చేతిలోని స్థావర విద్యుత్తు పోవుటకై మొదట పెట్టె యినుమును తాకితిమి. లోపల మన ఎఱ్ఱమట్టి దుమ్ము పొరలుగా నుండెను. దానిని మెత్తని కుంచెతో తుడిచి, రెండు జ్ఞాపకపట్టీలను ఊడదీసి, వాని పసుపుపచ్చని అంచులను పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్దితిమి. మొదటి పట్టీ నొక్కదానినే పెట్టగా తెర నల్లగానే యుండెను. అదే గాడిలో రెండవదానిని పెట్టగా తెర వెలిగెను. మరల మొదటిది పెట్టితిమి, చీకటి. మరల రెండవది, వెలుగు. దోషము మొదటి పట్టీదే. డిస్కులో చెరుపవలసిన యక్షరము ఒక్కటియు లేకుండెను. దుకాణమువాని మాట వినియుండినచో ఆ వృద్ధుల మాటలు రెండవమారు గతించియుండెడివి.

తెర వెలిగి, డిస్కు కానరాదని వ్రాత వచ్చినచో, పెన్‌డ్రైవు ఏదైన తగిలియున్నదేమో చూచి తీసివేయుడు. తరువాత డిస్కు తీగలు వదులైనవేమో చూడుడు. తేదీ పలుమారు వెనుకకు పోవుచున్నచో, మదరుబోర్డుపై నాణెమువలె నున్న 3 వోల్టుల బ్యాటరీ యుడిగినదని గ్రహింపుడు. డిస్కు టకటకమని కొట్టుకొనుచున్నచో వెంటనే యాపుడు. మరల మరల నడిపించినకొలది అందలి వ్రాత మరింత చెడును. అది నిపుణుల పని.

ముఖ్యముగా గుర్తుంచుకొనవలసిన దొకటి. యంత్రము వేరు, డిస్కు వేరు. యంత్రము చెడినను డిస్కు సాధారణముగా క్షేమముగానే యుండును. దానిని వెలికితీసి, యు.ఎస్.బి. తీగతో వేరొక యంత్రమునకు తగిలించి వ్రాతలను దింపుకొనవచ్చును. డిస్కునకు బిట్‌లాకర్ అను తాళము పడియున్నచో దాని 48 అంకెల సంఖ్య కావలసియుండును. ముందే వ్రాసి యుంచుకొనుడు. మరమ్మతునకు ఇచ్చునప్పుడు, నన్నడుగక ఏదియు చెరుపరాదని స్పష్టముగా చెప్పుడు.

మన నదీతీరవాసులకు ఇంకొక మాట. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలును, మన ఆలంపూరును ముంచిన సంగతి మీరెఱుగుదురు. నీట తడిసిన యంత్రము చెడినదో లేదో చూతమని విద్యుత్తు నీయరాదు. తడి యంతకంటె తడిలో పారు విద్యుత్తే దానిని దహించును.

మన పూర్వులు తాటాకు శిథిలము కాకమునుపే క్రొత్త ఆకుపై ప్రతి వ్రాసిరి. అందుచేతనే అనేక గ్రంథములు మనకు దక్కినవి. ఇప్పుడు నా వ్రాతల ప్రతి యొకటి మా యింట వేరొక డిస్కులోను, మరియొకటి వేరొక ఊరిలో నున్న మా కుమార్తె యింటను కలవు. నేటి సాయంకాలమే మీరును మీ పిల్లలను పిలిచి, ముఖ్యమైన వ్రాతలకు రెండవ ప్రతి తీయింపుడు. యంత్రము మొరాయించిన నాడు మీకు తొందర యుండదు. తొందర లేనివానికే నిదానము చక్కగా తోచును.