కుంపటి లెక్క

మా మనవరాలికి పదో తరగతి అయిపోయింది. వచ్చే నెల విజయవాడలో ఇంటర్, హాస్టల్లో ఉంటుంది. ఈలోగా మా ఊరొచ్చి మధ్యాహ్నాలు నాతో వామనగుంటలు ఆడుతోంది. నిన్న గింజలు పంచుతూ, "తాతయ్యా, వెనకటి రోజుల్లో అన్నీ ఉమ్మడి కుటుంబాలేగా? మనమే విడిపోయాం" అంది.

"ఆట ఆపు. గుంటలన్నీ ఖాళీ చెయ్యి. ముందు ఇది చెప్పు, ఒక కుటుంబం అని దేన్నంటాం?"

"ఒకే కప్పు కింద ఉండేవాళ్ళని."

"మరి మేడమీద మీ చిన్నతాత? కప్పు ఒకటే, వంట వేరు. జనాభా లెక్కలవాళ్ళొస్తే ఆయన్ని విడిగానే రాసుకుంటారు. మామూలుగా కలిసి ఉంటూ ఒకే వంటింటి తిండి తినేవాళ్ళు వాళ్ళకి ఒక కుటుంబం. చుట్టరికం ఉండాలని కూడా లేదు. మనవాళ్ళకి ఇది ఎప్పుడో తెలుసు. అందుకే అన్నదమ్ములు విడిపోతే వేరు కుంపటి పెట్టారంటాం, వేరు కప్పు వేశారనం."

గుంటల్ని ఇళ్ళనుకోమన్నాను. పెద్దవాళ్ళకి గవ్వలు, మిగతావాళ్ళకి చింతగింజలు. ఒక దంపతులకి నలుగురు కొడుకులు బతికి బట్టకట్టారు. పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు పుట్టారు, ఒక్కొక్కరే వేరుపడ్డారు. అమ్మానాన్నలు కడగొట్టువాడి దగ్గర ఉండిపోయారు.

"ఎన్ని కుంపట్లయ్యాయి?"

"నాలుగు."

"గవ్వలున్న గుంటలు?"

ఎంచి చూసి, "ఒక్కటే!" అంది.

చూశారా! పెద్దవాళ్ళని ఎవరూ వదిలెయ్యలేదు. అయినా నాలుగిళ్ళలో మూడు చిన్న కుటుంబాలే. ఊళ్ళో ప్రతి కొడుకూ శ్రవణకుమారుడే అయినా ఈ లెక్క మారదు.

పైగా ఆ గవ్వలు మాత్రం ఎన్నాళ్ళుంటాయి? 1951 ప్రాంతంలో మన దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ళు.

"అంటే అందరూ 32కే పోయేవారా?" పిల్ల కళ్ళు పెద్దవి చేసింది.

"కాదే. ఒకడు పురిట్లోనే పోయి, ఇంకొకడు 64 ఏళ్ళు బతికాడనుకో, ఇద్దరి సగటూ 32. పసిపిల్లల చావులు సగటుని అంత కిందికి లాగేవి. అలాగని పెద్దవాళ్ళకి భరోసా ఉందనుకోకు. క్షయ, కలరా, కష్టపు కాన్పులు కాచుకుని ఉండేవి. మనవల్ని ఎత్తుకునేదాకా ఉండటమే భాగ్యం. మూడు తరాలు ఒకే పంక్తిలో కూర్చున్న రోజులు చాలా ఇళ్ళలో కొన్నేళ్ళే."

ఇంకో తిరకాసు ఉంది. కుటుంబానికి కూడా వయసుంటుంది. కొత్తగా పెళ్ళైన జంట అత్తమామల దగ్గర ఉంటుంది. ముప్ఫై అయిదు దాటేసరికి విడిగా కాపురం. యాభై అయిదుకి కోడలొస్తుంది, మళ్ళీ ఇల్లు నిండుతుంది. అదే ఇల్లు, అదే మనుషులు. ఏదో ఒక రోజు లెక్క చూసి ఉమ్మడి లేదనెయ్యడం, అమావాస్యనాడు తలెత్తి చంద్రుడు లేడన్నట్టు.

ఇంగ్లండులోనూ పూర్వం అన్నీ పెద్ద పెద్ద కుటుంబాలే అనుకునేవారట. కేంబ్రిడ్జిలో పీటర్ లాస్లెట్ అనే చరిత్రకారుడు, ఆయన తోటివాళ్ళు పాత ఊళ్ళ జాబితాలు తిరగేశారు. పదహారో శతాబ్దం చివరినుంచీ ఇంటికి సగటున 4.75 మందే తేలారు. అక్కడికీ ఇక్కడికీ తేడా లేకపోలేదు. మన కొడుకులు పెళ్ళయ్యాక కొన్నాళ్ళైనా కలిసుండేవారు, అక్కడివాళ్ళు చాలామంది పెళ్ళితోనే విడికాపురం పెట్టేవారు.

"మరి ఇప్పుడో?"

"నువ్వే భాగించు. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 8.46 కోట్లు, కుటుంబాలు 2.10 కోట్లు."

"ఇంటికి నలుగురు!"

"ఇప్పుడు గుంటల్ని తిరగేద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం స్త్రీకి సగటున పిల్లలు ఆంధ్రలో 1.7, తెలంగాణలో 1.8. ఆయుర్దాయం 70 దగ్గర. కొడుకు ఒక్కడే, తల్లిదండ్రులు నిండుగా ఉన్నారు. కలిసుంటే ప్రతి గుంటలోనూ గవ్వలే! ఉమ్మడి కాపురానికి ఇంత అనువైన కాలం ఎప్పుడూ లేదు. లెక్క కుదిరింది, కొలువులే కుదరలేదు. కొడుకు హైదరాబాదులోనో డల్లాస్‌లోనో ఉంటాడు."

అయినా కొంప మునిగిపోలేదు. 2017-18లో దేశమంతా జరిగిన వృద్ధుల సర్వేలో, అరవై దాటినవాళ్ళలో పూర్తిగా ఒంటరిగా ఉంటున్నవారు నూటికి ఆరుగురు లోపే. వాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. పెళ్ళినాటికి మొగుడు పెద్ద, పెళ్ళాం చిన్న. ఆపైన ఆడవాళ్ళ ఆయుష్షు ఎక్కువ. చివరి గవ్వ చాలా ఇళ్ళలో నాయనమ్మే.

గుజరాత్‌లోని మహువా అనే ఊళ్ళో కుటుంబాల మీద ఐ.పి. దేశాయ్ పరిశోధన చేసి 1964లో పుస్తకం వేశారు. పొయ్యి వేరైనంతమాత్రాన ఉమ్మడితనం పోదని, ఆస్తి, బాధ్యత, రాకపోకలు కూడా చూడాలని ఆయన వాదన. మా ఇల్లే చూడండి. పంట చేతికొస్తే బస్తాలు హైదరాబాదులో ఉన్న మా అబ్బాయికి వెళతాయి. నా బీపీ మాత్రలు అక్కణ్ణించి వస్తాయి. జనాభా లెక్కల కాగితంలో మాత్రం మేం రెండు కుటుంబాలం.

"మరి హాస్టల్లో నేనెక్కడికొస్తాను?"

"అదీ ఒక కుంపటే. చుట్టరికం లేనివాళ్ళు ఒకేచోట ఉండి ఒకే వంట తింటారు కాబట్టి సంస్థ పేరు కింద వేరే కుటుంబంగా రాస్తారు."

పిల్ల ఒక గింజ తీసింది. చివరి గుంటదాకా తీసుకెళ్ళి ఆగింది. వెనక్కి తెచ్చి రెండు గుంటల మధ్య గట్టుమీద నిలబెట్టింది.

"గట్టుమీదది ఆటలో లెక్కకి రాదే" అన్నాను.

"నీ లెక్కకి రాదులే తాతయ్యా. సెలవులకి వచ్చినప్పుడు నాయనమ్మ ఎన్ని కంచాలు పెడుతుందో అది చూడు" అంది.