రిపోర్టులో "సి.వి.ఏ." అని ఉందా? అది ఏ యాక్సిడెంటో తెలుసుకోండి

ఇంట్లో తాతయ్యదో, నానమ్మదో పాత డిశ్చార్జ్ సమ్మరీ ఉంటే ఒకసారి తీసి చూడండి. కొన్నింటిలో "ఓల్డ్ సి.వి.ఏ." అని ఉంటుంది. పూర్తి పేరు సెరిబ్రోవాస్కులర్ యాక్సిడెంట్. యాక్సిడెంట్ అనగానే బండి మీంచి పడ్డారేమో అనుకుంటాం కదా? కాదండీ. డాక్టర్లు స్ట్రోక్ అనేది దీన్నే.

పేరు విడదీసి చూద్దాం. సెరిబ్రో అంటే మెదడు. వాస్కులర్ అంటే రక్తనాళాలకు సంబంధించినది. యాక్సిడెంట్ అంటే ఇక్కడ హఠాత్తుగా జరిగినది. ఈ మూడో మాట ఇప్పుడు చాలామంది డాక్టర్లకు నచ్చదు. బీపీ, షుగర్, సిగరెట్ ఏళ్ల తరబడి నాళాలను పాడుచేస్తే వచ్చేదాన్ని అనుకోకుండా వచ్చిందని ఎలా అంటాం?

మరి పక్షవాతం? అది బయటికి కనిపించే ఫలితం. స్ట్రోక్ లోపల జరిగే సంగతి. ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, కాలూ చెయ్యీ బాగానే ఉండి మాట మాత్రమే తడబడినా అది స్ట్రోక్ కావచ్చు.

ఇందులో రెండు రకాలు. ఒకటి, నాళంలో రక్తం గడ్డ అడ్డుపడటం. ఎక్కువ మందిలో వచ్చేది ఇదే. రెండోది, నాళం చిట్లి రక్తం కారడం. మనిషిని చూసి ఏ రకమో చెప్పలేం, స్కాన్ తీయాల్సిందే. అందుకే ఇంట్లో ఆస్పిరిన్ మింగించొద్దు. నాళం చిట్లి ఉంటే రక్తస్రావం ఇంకా పెరగొచ్చు.

గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉంది. కానీ లక్షణాలు మొదలైన 4.5 గంటల లోపే ఇవ్వాలి. హాస్పిటల్‌కి వెళ్లాక స్కాన్‌కి పట్టే టైం కూడా అందులోదే.

కాబట్టి ఎవరికైనా మూతి ఒక పక్కకి వంగినా, ఒక చెయ్యి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా, "కాసేపు పడుకుంటే తగ్గుతుందిలే" అనకండి. నోట్లో నీళ్లు కూడా పోయకండి, పొలమారుతుంది. వెంటనే 108కి ఫోన్ చేయండి. చివరిసారి మామూలుగా ఎన్నింటికి ఉన్నారో ఫోన్‌లో రాసి పెట్టుకోండి. డాక్టర్ ముందు అడిగేది అదే. పది నిమిషాల్లో తగ్గిపోయినా సరే, వెళ్లాల్సిందే. అది పెద్ద స్ట్రోక్‌కి ముందు వచ్చే హెచ్చరిక కావచ్చు.

ఈ ఎపిసోడ్‌ని మీ ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టండి. ఉంటాను మరి.