పొత్తు వ్యాపారం: ఇంటిదాకా వచ్చే బాకీ

బావ, బావమరిది, వాళ్ల స్నేహితుడు కలిసి ఎరువుల దుకాణం పెట్టారనుకుందాం. తలా 5 లక్షలు వేసుకున్నారు. కొట్లో కూర్చునేది బావ ఒక్కడే. "మనలో మనకు కాగితాలేమిటి?" అనుకున్నారు. ఇలాంటి పొత్తులు మన ఊళ్లలో కొల్లలు. వాటి చుట్టూ అల్లుకున్న అపోహలూ తక్కువేం కాదు.

అపోహ: రాతకోతలు లేవు కాబట్టి చట్టంతో పని లేదు.

1932 నాటి భారత భాగస్వామ్య చట్టం దృష్టిలో నోటిమాట పొత్తు కూడా పొత్తే. మనం రాసుకోని షరతులన్నీ ఆ చట్టమే పెడుతుంది. పెట్టుబడులు ఎక్కువ తక్కువలైనా లాభనష్టాలు అందరికీ సమానమంటుంది. పొద్దున్నుంచి రాత్రిదాకా కొట్లో ఉన్న బావకు విడిగా జీతం అడిగే హక్కు లేదంటుంది. ఏళ్ల చాకిరీ తర్వాత ఆ సంగతి తెలిస్తే చుట్టరికమే చెడుతుంది. అందుకే ఒప్పంద పత్రం (డీడ్) మొదటి రోజే రాసుకోమంటాను.

అపోహ: పోతే నా 5 లక్షలే పోతాయి.

కుటుంబాలను రోడ్డున పడేసేది ఇదే. బావ హోల్‌సేల్ డీలర్ దగ్గర 40 లక్షల సరుకు అరువు తెచ్చాడు. వానలు మొహం చాటేశాయి, రైతుల దగ్గర బాకీలు వసూలు కాలేదు. అప్పుడు డీలర్ ముగ్గురిలో ఎవరి మీదైనా, బాకీ మొత్తానికీ దావా వేయవచ్చు. బోర్డు మీది పేరు వట్టి పేరే. కంపెనీకి ఉన్నట్టు దానికి విడిగా చట్టపరమైన ఉనికి లేదు. "నా సంతకం లేదు", "నేను స్లీపింగ్ పార్టనర్‌ని" అంటే చెల్లదు. వ్యాపారం కోసం మామూలుగా ఒకరు చేసింది అందరూ చేసినట్టే. ఇల్లూ పొలమూ ఉన్న బావమరిది గుమ్మమే డీలర్ ముందుగా తొక్కుతాడు. అతను కట్టేశాక మిగతా ఇద్దరినీ వాళ్ల వంతు అడగవచ్చు, వాళ్ల దగ్గర ఏమైనా మిగిలి ఉంటే. ఆ భయం లేకుండా పొత్తు నడపాలనుకునేవారికి 2008 చట్టం ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం) అనే మరో దారి చూపింది.

అపోహ: జీఎస్టీ, పాన్ ఉన్నాయి, డీడ్ నోటరీ అయింది. ఇంకేం కావాలి?

రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర నమోదు వీటికి వేరు. అది తప్పనిసరి కాదు గనకే చాలామంది వదిలేస్తారు. కానీ నమోదు లేని సంస్థ, అరువు ఎగ్గొట్టిన ఖాతాదారు మీద ఆ బాకీ కోసం దావా వేయలేదు. సంస్థ మీద మాత్రం బయటివారు వేయవచ్చు. సంస్థ తన దావా వేశాక నమోదు చేయించుకున్నా ఆ దావా నిలవదు.

తండ్రి పోతే కొడుకు దానంతటదే భాగస్వామి అయిపోతాడన్నదీ అపోహే. వేరే ఒప్పందం లేకపోతే ఆ మరణంతో పొత్తే రద్దవుతుంది. వారసులకు వచ్చేది వాటా విలువ.

అపోహ: తప్పుకున్నాను, ఇక నాకు సంబంధం లేదు.

బావమరిది వాటా తీసుకుని బయటికొచ్చినా, అప్పటికే ఉన్న బాకీలు డీలర్ ఒప్పుకుంటే తప్ప అతన్ని వదలవు. బహిరంగ ప్రకటన ఇవ్వనంతకాలం, అతనూ భాగస్వామేనని నమ్మి అరువిచ్చినవారి కొత్త బాకీలకూ అతను జవాబుదారీయే. నమోదైన సంస్థ అయితే రిజిస్ట్రార్‌కు తెలియజేయాలి, గెజిట్‌లో వేయించాలి, ఆ జిల్లాలో చదివే తెలుగు పత్రిక కనీసం ఒకదానిలో అచ్చు వేయించాలి. ఊళ్లో నలుగురికీ చెప్పుకోవడం ప్రకటన కిందికి రాదు.