తల్లిని నిందించకండి

ప్రసూతి వార్డులో మేము తరచుగా వినే మాట ఒకటి ఉంది. బిడ్డను చూసి డాక్టరుగారు "డౌన్ సిండ్రోమ్ అని అనుమానంగా ఉంది, రక్తపరీక్ష చేయిద్దాం" అనగానే, అత్తగారు మమ్మల్ని పక్కకు పిలుస్తారు. "సిస్టరమ్మా, గ్రహణం నాడు వద్దన్నా వినకుండా బయట తిరిగింది. అందుకేనా?" అని అడుగుతారు. ఆ మాట విని బాలింత గోడవైపు తిరిగి పడుకుంటుంది. ఆ తల్లి కోసమే ఈ వ్యాసము.

మన శరీరములో దాదాపు ప్రతి కణములోను 46 క్రోమోజోములు, అనగా 23 జతలు ఉంటాయి. బిడ్డ ఎదగాలన్నా, గాయము మానాలన్నా ఒక కణము రెండు కావాలి. ముందు 46 క్రోమోజోములకూ నకళ్లు తయారై, కొత్త కణాలు రెండింటికీ 46 చొప్పున చేరతాయి. దీనిని సమవిభజన అంటారు.

అండము, వీర్యకణము తయారయ్యే పద్ధతి వేరు. అక్కడ జతలు విడిపోయి 23 మాత్రమే మిగలాలి. తల్లి నుండి 23, తండ్రి నుండి 23 కలిసి బిడ్డకు 46 అవుతాయి. ఒక్కొక్కసారి 21వ జత విడిపోదు. అప్పుడు బిడ్డకు 47 వస్తాయి. డౌన్ సిండ్రోమ్‌కు ముఖ్య కారణము ఇదేనని 1959లో ఫ్రాన్స్ దేశపు వైద్యులు వెల్లడించారు.

ఈ పొరపాటు ఎక్కువగా అండములోను, కొన్నిసార్లు వీర్యకణములోను జరుగుతుంది. ఆడపిల్ల తన తల్లి కడుపులో ఉండగానే ఆమె అండాలలో విభజన మొదలై, మధ్యలో ఆగిపోతుంది. ఎన్నో ఏళ్ల తరువాత అండము విడుదలయ్యే వేళకు మళ్లీ సాగుతుంది. అందుకే వయసుతో ఈ అవకాశము పెరుగుతుంది. 35 ఏళ్ల తల్లులలో సుమారు 350 కాన్పులకు ఒకటి, 40 ఏళ్లకు సుమారు 100కు ఒకటి. అయితే చిన్న వయసు తల్లులకూ ఇలాంటి బిడ్డలు పుడతారు.

అంటే చాలా మటుకు గర్భము నిలిచేనాటికే ఈ మార్పు జరిగిపోయి ఉంటుంది. ఆ తరువాత వచ్చిన గ్రహణానికి, ఆమె తిన్న తిండికి, చేసిన పనికి దీనితో సంబంధము లేదు.

ఇంటిల్లిపాదీ చేయవలసినవి:

* బిడ్డ గుండెకు ఎకో పరీక్ష చేయించండి. ఈ బిడ్డలలో దాదాపు సగము మందికి గుండెలో లోపము ఉంటుంది. సకాలములో తెలిస్తే చాలా వాటికి ఆపరేషన్ ఉంది.
* థైరాయిడ్, చెవి, కంటి పరీక్షలు డాక్టరు చెప్పినప్పుడల్లా చేయించండి.
* తల్లిపాలు ఓపికగా పట్టించండి. చప్పరించడము ఆలస్యమైతే మమ్మల్ని అడగండి, పక్కన కూర్చుని నేర్పిస్తాము.
* ఫిజియోథెరపీ తొలి నెలల నుండే మొదలుపెట్టండి. నడక, మాట ఆలస్యమైనా వస్తాయి. బడికి పంపండి.
* మరొక బిడ్డను కోరుకుంటే, ముందుగా క్రోమోజోము పరీక్ష రిపోర్టుతో డాక్టరును కలవండి.

అత్తగారలారా, మీ కోడలు గోడవైపు తిరిగి పడుకుంటే మంచము దగ్గర కూర్చోండి. బిడ్డను మీరు ఎత్తుకోండి. ఆమెకు కావలసిన మొదటి మందు అదే.