మీకు తెలుసా? సొట్టల బిందె ఏనుగవుతుంది

మంథనిలో పాత ఇల్లు సర్దితే అటక మీద నుంచి సొట్టలు పడ్డ ఇత్తడి బిందె, చిల్లి పడ్డ గంగాళం తప్పకుండా దిగుతాయి. తూకానికి అమ్మేసి చేతులు దులుపుకుంటాం. అలాంటి పాత ఇత్తడిలోంచే ఏనుగులు, నెమళ్లు, గంటలు, గోండుల దేవతామూర్తులు పుట్టే ఊళ్లు మన ఉత్తర తెలంగాణలో ఉన్నాయి. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా ఉషేగాంలోని ఓజాలు తరతరాలుగా ఈ పనిలోనే ఉన్నారు. ఈ కళ పేరు డోక్రా. 2018లో ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు (జీఐ) దక్కింది.

ఒక్క బొమ్మలో ఎన్ని సరుకులు కలుస్తాయో చూడండి. ముందు పేడ కలిపిన మట్టితో లోపలి ముద్ద చేస్తారు. తేనెమైనంలో గుగ్గిలం కలిపి, సేమ్యాలా సన్నటి తీగలు తీసి, ఆ ముద్ద చుట్టూ ఒకదాని పక్కన ఒకటి అతికిస్తారు. కళ్లు, గజ్జెలు, అంబారీ, నగిషీ అంతా ఆ మైనంలోనే. దాని మీద మెత్తటి మట్టి పూత, ఆపైన గరుకు మట్టి పూత వేస్తారు. కొలిమిలో కాలిస్తే మైనం కరిగిపోయి, అది ఉన్న చోటంతా ఖాళీ అవుతుంది. ఆ సందుల్లోకే కరిగిన ఇత్తడి దిగుతుంది. ఇత్తడి కరగాలంటే తొమ్మిది వందల డిగ్రీలకు పైగా వేడి కావాలి. చల్లారాక పైమట్టిని పగలగొడితేనే బొమ్మ బయటికొస్తుంది. మూస పోయింది కాబట్టి అచ్చం అలాంటిది మళ్లీ రాదు. అందుకే రెండు డోక్రా ఏనుగులను పక్కపక్కన పెట్టి చూస్తే తొండం వంపులోనో చెవి మడతలోనో తేడా కనబడుతుంది. యంత్రం తీసిన అచ్చులో దొరకనిది ఇదే. ధర అడిగే ముందు ఈ పనంతా ఒకసారి తలుచుకోవాలని నా కోరిక.

1926లో మొహెంజొదారోలో దొరికిన నర్తకి కంచు బొమ్మ కూడా మైనం కరిగించే పద్ధతిలో పోతపోసిందే. ఎత్తు పది సెంటీమీటర్ల పైచిలుకు, వయసు సుమారు 4,500 ఏళ్లు.

పాత సామానుతో శిల్పం చేయడంలో ఇంకో తోవ ఉంది. అందులో సామాను కరగదు, తన రూపంతోనే కనబడుతుంది. 1942లో పికాసో ఒక సైకిల్ సీటుకు హ్యాండిల్ తగిలించి ఎద్దు తల అన్నాడు. నిజంగానే ఎద్దు కనబడుతుంది, సైకిలూ కనబడుతుంది. తెనాలిలోని సూర్య శిల్పశాల వాళ్లది ఈ తోవే. పాత ఇనుప ముక్కలతో 14 అడుగుల మోదీ విగ్రహాన్ని, ఇనుప నట్లతో 10 అడుగుల గాంధీ విగ్రహాన్ని నిలబెట్టారు.

ఆదిలాబాద్ అడవుల్లో మూడో తోవ కూడా ఉంది. దీపావళి రోజుల్లో దండారి నాట్యం ఆడే గోండు గుస్సాడీల తలపాగా చూశారా? నెమలి ఈకలు, కొమ్ములు, అద్దాలు కలిపి కట్టిన శిల్పమే అది. కాకపోతే మనిషితో పాటు ఆడుతుంది. మార్లవాయికి చెందిన గుస్సాడీ కళాకారుడు కనకరాజుకు 2021లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు అందరూ నాట్యాన్ని మెచ్చుకున్నారు. ఆ తలపాగా కట్టిన చేతులకూ అందులో వాటా ఉంది.

ఇక చింతగింజ సంగతి. పులుసుకు చింతపండు పిసికాక పారేసే గింజ నిర్మల్ బొమ్మల్లో, చేర్యాల బొమ్మల్లో అసలైన ముడిసరుకు. తేలికైన పొనికి కర్రతో ఆకారం చేశాక, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి ముక్కు, చెంపలు, కండలు తీరుస్తారు. చేర్యాల ముసుగులకైతే కొబ్బరి చిప్ప కూడా సాయం వస్తుంది. కాటమరాజు కథ చెప్పే మందహెచ్చులు ఊరూరా తిప్పిన బొమ్మలు ఈ కుదురువే. కర్ర, పొట్టు, గింజ, రంగు: ఇంత చవక సరుకుతో రాజులూ, పశువులూ, దేవతలూ కథలోకి నడిచి వచ్చారు.

పిల్లలతో ఇంట్లో ఇలాంటి ముసుగు చేసి చూడాలనుకుంటే చింతగింజలను వేయించి, పైపొట్టు తీసి, రాత్రంతా నానబెట్టండి. మెత్తగా రుబ్బి, నీళ్లు పోసి, అడుగంటకుండా కలుపుతూ చిక్కగా ఉడికించండి. వడ్రంగి దగ్గర అడిగి తెచ్చిన పొట్టును జల్లించి అందులో పిసకండి. శుభ్రం చేసిన కొబ్బరి చిప్ప మీద ముందు ముక్కు పెట్టండి, తర్వాత కనుబొమలు. ఎండలో పెడితే పగుళ్లు వస్తాయి, నీడలోనే ఆరనివ్వండి. లోపలి తడి పూర్తిగా పోయాకే రంగు వేయాలి.